గోదాట్లో పడని సర్టిఫికెట్

ముందే చెప్తున్నాను, నేను చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టు. మధ్యలో నీ సొంత ఇంగ్లీషు ఇరికించకు. కావాల్సినంత ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది. ఈ అమ్మమ్మ బతికిందే దాని మీద.

అమలాపురంలో కోర్టు ప్రహరీగోడకి ఎదురుగా ఒక వరస రేకుల షాపులు ఉండేవి. అందులో ఒకదాంట్లో నేను జాబ్ టైపిస్టుని. మొదట్లో మిషను, తర్వాత కంప్యూటరు. నా బల్లకి ఆనుకునే ఇంకో బల్ల వేసుకుని ఒక దస్తావేజు లేఖరి గారు కూర్చునేవారు. నాకంటే బాగా పెద్దాయన, ఊరందరికీ బాబాయిగారు, నాకూ బాబాయిగారే. ఆయన తెలుగులో దస్తావేజు రాస్తే సరిహద్దు తగాదా పుట్టేది కాదు. ఇంగ్లీషు అవసరమైతే మాత్రం, "అమ్మాయ్, నీ పార్టీ వచ్చింది చూడు" అని నా వైపు తోసేసేవారు.

వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "కాయితం ఒకటి కొట్టించాలండి." ఏం కాగితం బాబూ అంటే, "ఇంగ్లీషు కాయితమండి" అనేవారు. మనకి కాగితమంటే కాగితమే. ఇంగ్లీషువాడికి అలా కాదు. మనం చేపలకి పెట్టుకున్నన్ని పేర్లు వాడు కాగితాలకి పెట్టుకున్నాడు. పండుగప్ప అడిగినవాడికి కట్టిపరిగ ఇస్తే ఊరుకుంటాడా? అఫిడవిట్ అడిగినచోట సర్టిఫికెట్ పట్టుకెళ్తే వాళ్లూ ఊరుకోరు.

నేను అందరికీ ఒకటే చెప్పేదాన్ని. పేరు బట్టీ పట్టకండి, ఈ కాగితంలో మాట్లాడుతున్నది ఎవరో చూడండి. నీ గురించి ఇంకొకరు చెప్తే సర్టిఫికెట్. నీ గురించి నువ్వే ప్రమాణం చేసి చెప్తే అఫిడవిట్. ఇద్దరు కలిసి ఒక మాట మీద నిలబడితే అగ్రిమెంటు. ఇకమీదట ఇలా చేస్తానని మాటిస్తే అండర్‌టేకింగ్. "నాకేం అడ్డు లేదు, పోనివ్వండి" అంటే ఎన్ఓసీ. "నా బదులు వీడొస్తాడు, నేననుకుని ఇచ్చెయ్యండి" అంటే ఆథరైజేషన్ లెటరు. నువ్విచ్చింది నాకు ముట్టిందని అవతలివాడు ఒప్పుకుంటే అక్నాలెడ్జ్‌మెంటు. ఈ ఒక్కటి అడగడానికి మాత్రం మనవాళ్లకి చచ్చేంత మొహమాటం. అడిగితే ఎదుటి మనిషిని అనుమానించినట్టు ఉంటుందట!

ఇంకో అలవాటు కూడా ఉండేది నాకు. ఏ కాగితమైనా సరే, సంతకం పెట్టబోయే మనిషికి తెలుగులో చదివి వినిపించాకే ప్రింటు తీసేదాన్ని. బాబాయిగారు నవ్వేవారు. "పురాణం మొదలెట్టిందిరా మా అమ్మాయి, కొబ్బరికాయ కొట్టండి" అనేవారు. కొట్టుకోనీ. తన నోటితో తనేం అంటున్నాడో తెలియకుండా సంతకం పెట్టడమేమిటి?

ఇక ఆ రోజు సంగతి.

అంతర్వేది వైపు నుంచి ముగ్గురు వచ్చారు. తండ్రికి సొంత బోటు ఉంది, వేటకి వెళ్తాడు. తల్లి రేవులో చేపలు అమ్ముతుంది. కూతురు నర్సింగ్ డిగ్రీ పాసై, రాజోలు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో పని చేస్తోంది. ఆ పిల్లకి గల్ఫులో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఎవరి రికమండేషనూ లేదు. ఫోన్లో ఇంటర్వ్యూ చేశారు, తనే మాట్లాడి తెచ్చుకుంది. నెలాఖరులోగా డిగ్రీ సర్టిఫికెట్ మీద, అది అసలుదేనని చెప్పే అటెస్టేషన్ ముద్రలు వేయించి పంపాలి. పంపకపోతే ఆ ఉద్యోగం లిస్టులో తర్వాత ఉన్న అమ్మాయికి వెళ్లిపోతుంది.

"వేయించడానికి ఏం ఇబ్బందమ్మా?" అన్నాను.

ఆ పిల్ల సంచిలోంచి సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టింది. అది టక్కుమని చప్పుడు చేసింది. చూడగానే నాకర్థమైంది. లామినేషన్!

మన దగ్గర కాగితం బతకడం కష్టం. వరదొస్తే బీరువా అడుగు అర తడుస్తుంది. సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి కాగితం మెత్తబడి అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకని మనవాళ్లు ఏ కాగితం చేతికొచ్చినా ముందు ప్లాస్టిక్ అతికించేస్తారు. పదో తరగతి మార్కుల లిస్టు, రేషన్ కార్డు, చివరికి గ్యాసు బిల్లు కూడా చేయించినవాళ్లని చూశాను. అటెస్టేషన్ ముద్ర సర్టిఫికెట్ వెనకవైపు, కాగితం మీద పడాలి. ప్లాస్టిక్ మీద వెయ్యరు. వేసినా నిలవదు.

"నేనేనండి చేయించేను" అన్నాడు తండ్రి. ఆ మాటలో గర్వం ఇంకా పూర్తిగా పోలేదు. "పిల్ల చేతికి కాయితం వచ్చిన రోజునే, బస్సు దిగి ఇంటికి కూడా ఎల్లకుండా చేయించేనండి. మామూలుది కాదండి, మందం రకం. నీళ్ళలో ఏసినా ఏం కాదన్నాడండి షాపతను."

"ఏం కాలేదు కదా, సంతోషించు" అంది భార్య.

"ఊడదీయించడానికి చూశారా?"

"చూసేమండి" అంది ఆ పిల్ల. "ఇస్త్రీపెట్టెతో వేడి చేసి మూల నుంచి లాగేరండి. ప్లాస్టిక్‌తో పాటు సీలు అంచు కూడా వచ్చేసిందండి. ఇంకా లాగితే నా పేరు కూడా వచ్చేసేలా ఉందని ఆపించేను."

బాబాయిగారు తన బల్ల దగ్గర నుంచే వింటున్నారు. కళ్లజోడు పైకి తోసుకున్నారు. "దీనికింత ఆలోచనేంటమ్మా? డూప్లికేటుకి పెట్టెయ్యండి. అమ్మాయ్, మన పంటు డ్రాఫ్టు తియ్యి."

పంటంటే మనుషుల్నీ బళ్లనీ గోదారి దాటించే పెద్ద పడవ. ఆ పంటు డ్రాఫ్టు సంగతి చెప్పాలి. సర్టిఫికెట్ పోయిందంటే డూప్లికేట్ ఇస్తారు. ఎలా పోయిందో అఫిడవిట్‌లో చెప్పాలి. దానికి బాబాయిగారు ఎప్పుడో ఒక కథ తయారు చేసి పెట్టారు. "నేను పంటు మీద గోదావరి దాటుతుండగా పెద్ద గాలి వచ్చి నా చేతిలోని కవరు నీళ్లలో పడిపోయినది. ఎంత వెతికినను దొరకలేదు." ఎవరు వెతికారో ఆ గోదారికే తెలియాలి. పేరు, తేదీ, రేవు మారిస్తే చాలు. ముక్తేశ్వరం వాళ్ల కాగితాలు కోటిపల్లి రేవులో పడేవి. సఖినేటిపల్లి వాళ్లవి నరసాపురం రేవులో పడేవి. నిజంగా పోగొట్టుకున్నవాళ్లు ఉండేవారు, ఎలకలు కొట్టినవాళ్లు ఉండేవారు, మొగుడి మీద కోపంతో చింపేసినవాళ్లు కూడా ఉండేవారు. అందరిదీ ఆ గాలే, ఆ పంటే.

"అఫిడవిట్ అవగానే పోలీసు స్టేషన్లో ఒక కాగితం తీసుకుందాం, వెతికాం దొరకలేదని. నాకు తెలిసినవాళ్లున్నారు" అన్నారు బాబాయిగారు. తండ్రి మొహం వెలిగింది. "ఆయ్, అలా చెయ్యండి బాబుగారూ."

నేను డ్రాఫ్టు తీసి ఆ పిల్ల పేరు, ఊరు, రేవు మార్చాను. ప్రింటు కొట్టబోయే ముందు అలవాటు ప్రకారం తెలుగులో చదవడం మొదలెట్టాను.

తల్లి అప్పటిదాకా బల్ల చివర కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటోంది. గోదావరి మాట వినగానే లేచి నిలబడింది.

"ఆగండమ్మగారూ. ఏటన్నారు? గోదాట్లో ఏటి పడింది?"

"మీ అమ్మాయి సర్టిఫికెట్టండి."

"పడలేదు కదండి. ఇదిగో, ఇక్కడే ఉంది."

"ఉందిలెండి. డూప్లికేట్ కోసం అలా రాస్తున్నాం."

"రాయకండి."

భర్త విసుక్కున్నాడు. "ఊరుకోయే. కాయితమ్మీద మాటకి నీకేటి నొప్పి? సర్టిఫికెట్టు పడిందన్నారు గానీ నీ కూతురు పడిందన్నారా?"

"ఆ సర్టిఫికెట్టు మీద ఎవరి పేరుందేటి? నీదా?"

ఆవిడ నా వైపు తిరిగింది. గొంతు పెద్దది చేయలేదు.

"మా ఇళ్లల్లో ఓ పద్ధతుందండమ్మగారూ. వేటకెళ్లినోళ్లు ఒడ్డుకి రాకపోతే పోయేరనమండి. ఇంకా రాలేదంటాం. మా అన్నయ్య ఎల్లినప్పుడు ఈ పిల్ల నా కడుపులో ఉంది. మా వదిన ఇప్పటికీ ఇంకా రాలేదనే అంటాదండి. అలాటిది, నా పిల్ల పేరు చెప్పి, నీళ్ళలో పడింది, ఎతికినా దొరకలేదని మీరు పైకి చదువుతుంటే నేను కూర్చుని వినాలేటండి?"

బాబాయిగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు.

ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటోంది. "అమ్మా, నెలాఖరు దగ్గరకొచ్చేసింది. నీ పట్టింపులకి నా ఉద్యోగం పోతాది. నేను మేజర్ని, నువ్వు ఒప్పుకోపోయినా నా సంతకం సరిపోద్ది."

"పెట్టుకోవే. నన్ను బయటికెల్లనిచ్చి పెట్టుకో" అంది తల్లి. అంది గానీ కదల్లేదు.

పిల్ల నా వైపు చూసింది. "మేడంగారూ, మీరు చెప్పండి. మీ అమ్మాయికైతే ఏం రాస్తారు?"

నేను వెంటనే చెప్పాను. ఆ పాటి ధైర్యం లేకపోతే ఆ కుర్చీలో అన్నేళ్లు కూర్చునేదాన్నే కాదు. "జరిగింది రాస్తాను. అఫిడవిట్ అంటే నీ నోరు. అందులో పోయిందని నువ్వంటే, నీ సంచిలో ఉన్న ఈ సర్టిఫికెట్ని జీవితాంతం దాచుకు తిరగాలి. పోలేదు, పాడైంది. లాస్ట్ వేరు, డామేజ్డ్ వేరు. రెండు మాటలున్నాయంటే, రెండిటికీ ఏదో ఒక దారి కూడా ఉండే ఉంటుంది."

బాబాయిగారు ఊరుకోలేదు. "మంచి మాటే. కానీ అమ్మాయ్, నా సర్వీసులో ఎవరూ అలా అడగ్గా చూడలేదు. నువ్వే పాడు చేసుకున్నావు, మేమేం చేస్తామని పొమ్మంటే? తిరిగొచ్చి పోలీసు కాగితంతో మళ్లీ మొదలెట్టే టైము లేదు. ఈ పిల్ల ఉద్యోగంతో ప్రయోగం చేస్తావా?"

అందులో అబద్ధం ఏమీ లేదు. ఆయన భయమూ న్యాయమే. నేను ఆ పిల్లకి అదే చెప్పాను. "బాబాయిగారన్నదీ నిజమే. పంటు కథ నడిచిన దారి. ఇది నడవని దారి. నిర్ణయం నీదే. దీన్ని ఎంచుకుంటే మాత్రం నేనూ నీతో వస్తాను. ఇంగ్లీషు నాది, నోరు నీది."

ఆ పిల్ల తల్లి వైపు చూడలేదు. ప్లాస్టిక్‌లో ఇరుక్కున్న తన పేరు వైపు చూసుకుంది. "జరిగిందే రాయండి" అంది.

నేను కొత్త కాగితం తెరిచాను. ఒరిజినల్ నా కస్టడీలోనే ఉన్నది, పోలేదు. దాన్ని భద్రపరచాలనే ఉద్దేశంతో మా తండ్రిగారు లామినేట్ చేయించారు. ఊడదీయబోతే సీలు అంచు దెబ్బతిన్నది. ఒరిజినల్ సరెండర్ చేస్తున్నాను, దాని బదులు డూప్లికేట్ దయచేయగలరు. ఇంతే. చదివి వినిపించాను.

తండ్రి తల గోక్కున్నాడు. "నా పేరు ఎయ్యాలాండి అందులో?"

"మరి ఎవరు చేయించేరు? నేనా?" అంది భార్య.

"మంచికే కదండి చేయించేను."

"ఆ మాటే రాశానండి. భద్రపరచాలనే ఉద్దేశంతో అని" అన్నాను.

"అలాగైతే ఓకేనండి. ఉద్దేశం అన్నది కాస్త పెద్దచ్చరాల్లో ఎయ్యండి."

నోటరీ దగ్గర ముద్ర వేయించి, మర్నాడు ఆ పిల్లా, తల్లీ, నేనూ యూనివర్సిటీ ఆఫీసుకి బయల్దేరాం. తండ్రి రాలేదు. కాగితంలో తన పేరెక్కాక ఆ ఆఫీసువాళ్లకి మొహం ఎలా చూపించనన్నాడు.

కిటికీ దగ్గర గుమస్తా కాగితాలు తిరగేశాడు. "పోలీసు కాగితం ఏది?"

"పోలేదండి. ఇదిగో" అని సర్టిఫికెట్ పెట్టింది ఆ పిల్ల.

ఆయన దాన్ని, అప్లికేషన్‌ని మార్చి మార్చి చూశాడు. "పోకుండా డూప్లికేట్ ఏంటమ్మా?" అని లోపలికి పట్టుకెళ్లాడు. అద్దంలోంచి మాకు కనబడుతోంది. సూపరింటెండెంటు గారు అఫిడవిట్ చదివారు. మళ్లీ చదివారు. చేత్తో రమ్మన్నారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను, వెనకే తల్లి.

"ఏ ఊరు?" అన్నారాయన.

"కోనసీమండి. అంతర్వేది వైపు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వారు. "చూశారా! కోనసీమ సర్టిఫికెట్టొకటి గోదాట్లో పడకుండా ఒడ్డుకొచ్చింది! మీ వాళ్లవన్నీ అందులోనే ఉన్నాయి కదమ్మా. అటు గాలేస్తే చాలు, ఒక డిగ్రీ పడిపోతుంది."

సెక్షనంతా నవ్వింది. తల్లి నవ్వలేదు.

"గోదారమ్మకి సర్టిఫికెట్లెందుకండి బాబుగారూ?" అంది. "ఆవిడేవన్నా ఉద్యోగానికెల్తాదా?"

నవ్వు ఇంకా పెద్దదైంది గానీ, ఈసారి ఆవిడ పక్షాన. సూపరింటెండెంటు గారు ఆవిడకి కుర్చీ వేయించారు. తర్వాత సర్టిఫికెట్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. ఆయన నవ్వు ఆగిపోయింది. సీలు అంచు పోయిన చోట వేలు పెట్టి, "ఇది ఇబ్బందే" అన్నారు. కిందకి చూసుకుంటూ వచ్చారు. రిజిస్టరు నంబరు, సంతకం, పేరు ప్లాస్టిక్ కింద కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఏమాటకామాటే, ఆ తండ్రి చేయించిన లామినేషన్ మందం రకమే!

"నంబరు కనబడుతోంది కాబట్టి సరిపోతుంది" అన్నారు. "పోయిందంటే పోలీసు కాగితం కావాలి, పేపర్లో ప్రకటన వెయ్యాలి, ఎవరికైనా దొరికిందేమో అని ఆగాలి. ఇది పాడైందే కదా. ఒరిజినల్ చేతిలోనే ఉంది. మా రిజిస్టరుతో సరిచూసి, దీన్ని రద్దు చేసి, కొత్తది పంపిస్తాం. అర్జంటు అని రాస్తున్నాను." గుమస్తాని పిలిచి, "దీనికి దారి ఎప్పటి నుంచో ఉందయ్యా, ఎవరూ రాకపోతే మనమే మర్చిపోయాం" అన్నారు.

చూశావా, దారి ఉంది. బాబాయిగారికి తెలియకపోవడం ఆయన తప్పు కాదు. నడవని దారిలో గడ్డి మొలుస్తుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను, కాలేదు. గుమస్తా సర్టిఫికెట్ తీసుకుని పక్కనున్న కాగితాల గుట్ట మీద పడేసి, "సరేనమ్మా, వెళ్లిరండి" అన్నాడు. కష్టపడి చదివిన చదువుకి ఆ పిల్ల దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. అది ఆ గుట్టలో కలిసిపోతే, నేనిచ్చానని చెప్పుకోవడానికి కూడా చేతిలో ఏమీ లేదు. నేను నోరు తెరవబోయాను.

"సార్, అక్నాలెడ్జ్‌మెంటు ఇవ్వండి" అంది ఆ పిల్ల.

"ఎందుకమ్మా, ఎక్కడికి పోతుంది? సూపరింటెండెంటు గారే చెప్పారు కదా."

"ఎక్కడికీ పోదండి. అయినా ఇవ్వండి. ఒరిజినల్ సరెండర్ చేసినట్టు, నంబరు వేసి ఇవ్వండి."

గొంతులో మొహమాటం లేదు, కోపమూ లేదు. గుమస్తా ఒక క్షణం చూసి, అప్లికేషన్ కాపీ మీద నంబరు రాసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ పిల్ల దాన్ని చదువుకుని మడత పెట్టింది. నేను ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. బయటికొచ్చాక తల్లి అడిగింది. "అదేటే, మళ్ళీ ఇంకో కాయితం అడిగేవు?"

"నాది వాళ్ల దగ్గరుందని వాళ్లు ఒప్పుకున్న కాయితమే" అంది కూతురు.

కొత్త సర్టిఫికెట్ నెలాఖరుకి ముందే పోస్టులో వచ్చింది. ఆ పిల్ల దాన్ని మడత పడకుండా అట్టల మధ్య పెట్టుకుని అటెస్టేషన్ ఆఫీసుకి వెళ్లింది. ఆ రోజు తల్లి అమలాపురం మార్కెట్‌కి సరుకు తెచ్చి, అమ్ముడయ్యాక ఖాళీ బుట్టతో మా షాపుకొచ్చి కూర్చుంది. ఊరికే కూర్చుంది. బాబాయిగారు టీ తెప్పిస్తే తాగింది. ఆయన అప్పటికే మారిపోయారు. సర్టిఫికెట్ పని మీద ఎవరొచ్చినా, "పోయిందా, పాడైందా? ముందు అది చెప్పండి" అని గదమాయిస్తున్నారు, ఆ సంగతి తనే కనిపెట్టినట్టు!

నా ఫోను మోగింది.

"మేడంగారూ, అమ్మ అక్కడుందాండి? స్పీకర్లో పెట్టండి. నా వంతు వచ్చింది, ఇప్పుడే ముద్ర ఏస్తున్నారు."

స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను. అవతల ఎవరో కాగితం తిరగెయ్యమన్నారు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ధన్‌మని ఒక్క దెబ్బ.

"ఇన్నావా అమ్మా?" అంది పిల్ల.

తల్లి ఫోను మీదకి వంగి, అవతల ఆఫీసంతటికీ వినబడేలా అరిచింది.

"ఒక్కటేనాండీ? గట్టిగా ఇంకోటెయ్యండి!"